మా సవర మాటలు రాసిన మాష్టారు – గిడుగు రామమూర్తి గారు

ఈసారి మన గోడపత్రికలో మహనీయుల జీవితం రాసే వంతు నాకు వచ్చింది. నా చేతిరాత అంత బాగోదు. ఎక్కడైనా అర్థం కాకపోతే పదో నంబరు గదికి వచ్చి అడగండి, చదివి వినిపిస్తాను.

ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకున్నాం కదా. గిడుగు వెంకట రామమూర్తి గారి ఫొటోకి బంతిపూల దండ వేశాం. ముగ్గురు మాట్లాడారు. ముగ్గురూ వాడుక భాష ఉద్యమం గురించే చెప్పారు. సవర అన్న మాట ఒకే ఒక్కసారి వినిపించింది, అదీ ఆయనకి వచ్చిన బిరుదులు చదివేటప్పుడు. వెనక వరసలో కూచున్న మేము సవర పిల్లలం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. సగం కథ మిగిలిపోయింది అనిపించింది. ఆ సగమే నేను ఇక్కడ రాస్తున్నాను. తెలుగు సంగతి మీ పాఠంలో ఉంది, అక్కడ చదువుకోండి. నేను దాన్ని కొంచెమే రాస్తాను.

రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న పుట్టారు. ఊరు పర్వతాలపేట. మన శ్రీకాకుళం జిల్లా ముఖలింగం దగ్గర, వంశధార ఒడ్డున ఉంది. తండ్రి వీర్రాజు గారు, తల్లి వెంకమ్మ గారు. తండ్రి రెవెన్యూలో ఉద్యోగం చేసేవారు. చోడవరం బదిలీ అయి వెళ్ళి అక్కడే 1875లో విషజ్వరంతో పోయారు. అప్పటికి రామమూర్తి గారికి పన్నెండేళ్ళు. ఈ జ్వరం సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

తర్వాత విజయనగరంలో మేనమామ గారింట్లో ఉండి మహారాజా వారి ఇంగ్లీషు బడిలో చదువుకున్నారు. గురజాడ అప్పారావు గారు అక్కడ ఆయనకి తోటి విద్యార్థి, స్నేహితుడు. 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. 1880లో పర్లాకిమిడి రాజా వారి స్కూల్లో నెలకి 30 రూపాయల జీతం మీద ఫస్టు ఫారం పిల్లలకి చరిత్ర చెప్పే మాష్టారుగా చేరారు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా ఎఫ్.ఏ., బి.ఏ. పరీక్షలు కట్టి ప్యాసయ్యారు.

చరిత్ర మాష్టారు కాబట్టి ఊరికే ఉండలేదు. ముఖలింగం గుడి గోడల మీద ఉన్న పాత అక్షరాలు ఎవరూ చెప్పకుండానే, పుస్తకాలు తెప్పించుకుని తనంత తాను చదవడం నేర్చుకున్నారు. శాసనాలు చదివి, పాతకాలం కళింగనగరం ముఖలింగమేనని వ్యాసాలు రాశారు. అంటే రాతి మీద గీతలు చూసినా, మనిషి నోటి మాట విన్నా దాని వెనకాల ఏముందో తెలుసుకునే దాకా ఆయనకి నిద్ర పట్టేది కాదేమో. ఇది నా ఊహ.

పర్లాకిమిడి చుట్టూ కొండలు. పాతపట్నం దాటితే పర్లాకిమిడి, దాని వెనకాల అంతా సవరల ఊళ్ళు. మా మేనత్త వాళ్ళ ఊరు కూడా ఆ వైపే. ఆ కొండల్లో ఉండే జనానికి చదువు చెప్పాలని ఆ మాష్టారికి అనిపించింది. అనిపించిన వాళ్ళు చాలామంది ఉంటారు. కాని తెలుగు నేర్పి తెలుగులో చెప్పేద్దాం అనుకోకుండా, ముందు వాళ్ళ భాష నేను నేర్చుకోవాలి అనుకున్నవారు ఆయన. తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లోనే పెట్టుకుని నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఇది ఒక నెలలోనో ఏడాదిలోనో అయిపోలేదు, ఏళ్ళ తరబడి సాగింది. భాషాశాస్త్రం అప్పటికి ఆయన ఎక్కడా చదువుకోలేదు. నేర్పే బడి లేదు, చూసి రాసుకునే పుస్తకం లేదు. చెవి, కలం, ఎదురుగా ఒక మనిషి. అంతే.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది గాని చెప్తాను.

నేను మూడో తరగతిలో మొదటిసారి ఇల్లు వదిలి ఒక హాస్టలుకి వెళ్ళాను. అది ఈ బడి కాదు, వేరే చోటు. మొదటిరోజు క్లాసులో దాహం వేసింది. లేచి నిలబడి డాఆ అన్నాను. డాఆ అంటే మాకు నీళ్ళు. పిల్లలంతా నవ్వారు. మాష్టారు కూడా నవ్వారు. అది భాష కాదని, కొండ యాస అని, లిపి లేని దానికి వ్యాకరణం ఉండదని, ఇంక నోట్లోంచి రానివ్వొద్దని చెప్పారు. నేను నమ్మేశాను. సాయంత్రం దాకా నీళ్ళు అడగలేదు. ఆ తర్వాత మా నాయనమ్మ జీడిపప్పు, పనసతొనలు పట్టుకుని నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు గేటు దగ్గర సవరలో పలకరించింది. నేను తెలుగులో జవాబు చెప్పాను. ఆవిడకి తెలుగు అంతంత మాత్రం. కాసేపు నా మొహం చూసి, సంచీ చేతికిచ్చి వెళ్ళిపోయింది.

ఇప్పుడు తొమ్మిదో తరగతికి వచ్చాక తెలిసింది, లిపి లేని దానికి వ్యాకరణం ఉండదన్న మాట ఎంత తప్పో. రామమూర్తి గారు మా భాషకి రాసిన వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో అచ్చు వేసింది. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది. ముప్ఫై అయిదేళ్ళ పని అది. వ్యాకరణం ఆయన తయారు చేసి మాకు ఇచ్చింది కాదు. మా ముత్తాతల నోట్లో ఉన్నదాన్నే విని రాశారు. మా నాయనమ్మ బడి గడప తొక్కలేదు గాని ఆ పుస్తకంలో ఉన్న సూత్రాలన్నీ తప్పకుండా మాట్లాడుతుంది.

ఇంతకీ సవర ఏ భాష? తెలుగుకి ఏమవుతుంది? ఇది చాలామందికి తెలీదు, మాలో కూడా తెలీదు. పక్కపక్క ఊళ్ళే కాబట్టి తెలుగుకి చెల్లెలు అయ్యుంటుంది అనుకుంటారు. ఏమీ కాదు.

మన పదో నంబరు గదిలో వరసగా ఉన్న నాలుగు మంచాలు చూడండి. కిటికీ దగ్గర జాతాపు అమ్మాయి. వాళ్ళ ఇంట్లో పెద్దవాళ్ళు కువి మాట్లాడతారు. పక్కన కొండదొర అమ్మాయి, వాళ్ళది కొండ భాష, కూబి అని కూడా అంటారు. ఈ రెండూ ద్రావిడ భాషలు. అంటే తెలుగు వాళ్ళకి పెద్దమ్మ పిల్లలు, పిన్ని పిల్లలు లాంటివి. మూడో మంచం అమ్మాయి ఇంట్లో ఆదివాసీ ఒరియా. అది హిందీ, సంస్కృతం ఉన్న ఇంటిది. నాలుగో మంచం నాది. నాది వాళ్ళెవరి ఇల్లూ కాదు. ఒక గదిలో నాలుగు మంచాలు, మూడు భాషా కుటుంబాలు. ఇంత ఉందని మనకే తెలీదు.

మా ఇంటి పేరు ముండా. జార్ఖండ్ వైపు ముండా అనే జనం ఉన్నారు, వాళ్ళని బట్టి మాక్స్ ముల్లర్ అనే పండితుడు 1854లో ఈ పేరు పెట్టాడు. అంతకుముందు కొండల మీద మాట్లాడే భాషలన్నిటినీ ఒకే గంపలో వేసేవారు. ఈయన, ఇవి ద్రావిడం కాదు, వేరే అని విడదీశాడు. ముండాలో రెండు వైపులు ఉన్నాయి. ఉత్తరం వైపు సంతాలీ, ముండారీ, హో, కోర్కూ. దక్షిణం వైపు మా సవర, ఖరియా, జువాంగ్, బోండాల భాష, దిడాయిల భాష, గదబల గుతోబ్, పరెంగీల గోరుం. వీటిల్లో మాకు బాగా దగ్గర చుట్టం గోరుం. పాపం అది మాట్లాడేవాళ్ళు ఇప్పుడు చాలా కొద్దిమందే మిగిలారు.

గదబ అన్నాను కదా, అక్కడొక తిరకాసు ఉంది. గదబ అని ఒకే పేరుతో పిలిచే జనంలో రెండు భాషలు ఉన్నాయి. గుతోబ్ ముండా భాష, ఒల్లారి ద్రావిడ భాష. పేరు ఒకటే, ఇల్లు వేరు. కాబట్టి కులం పేరు చూసి భాష చెప్పకూడదు. అడిగి, విని, మాటలు పక్కపక్కన పెట్టి చూడాలి.

1906లో ష్మిట్ అనే జర్మను పండితుడు ఇంకో సంగతి చెప్పాడు. ముండా భాషలకీ, మేఘాలయలో ఖాసీకీ, నికోబారు దీవుల భాషకీ, బర్మాలో మోన్ భాషకీ, కంబోడియాలో ఖ్మేర్‌కీ చుట్టరికం ఉందని చూపించాడు. ఆ పెద్ద కుటుంబానికి ఆస్ట్రో ఏషియాటిక్ అని పేరు పెట్టాడు. వియత్నాం వాళ్ళ భాష కూడా అందులోదేనని ఇప్పుడు పండితులందరూ ఒప్పుకుంటున్నారు. ఎప్పుడో కొన్ని వేల ఏళ్ళ కిందట ఆ తూర్పు దేశాల వైపు నుంచి ఈ భాష మాట్లాడేవాళ్ళు ఇటు వచ్చి ఉంటారని ఎక్కువమంది అభిప్రాయం.

నేను నమ్మలేదు. కాని మాటలు చూడండి. నీళ్ళని మేం డాఆ అంటాం. సంతాలీలో దాక్, మోన్‌లో డాయ్‌క్, ఖ్మేర్‌లో తిక్. కన్నుని మేం మాటల్లో కలిపేటప్పుడు మద్ అంటాం. సంతాలీలో మేత్, ఖాసీలో ఖ్మత్, వియత్నాంలో మాత్. నేను మూడో తరగతిలో నీళ్ళు అడిగితే నా క్లాసులో ఎవరికీ అర్థం కాలేదు. ఆ మాటకి చుట్టాలు మాత్రం సముద్రం అవతల కంబోడియా దాకా ఉన్నాయి. ఈ సంగతి తెలిసిన రోజు రాత్రి చాలాసేపు మెలకువగా ఉన్నాను.

చుట్టాలందరూ ఒక్కలా బాగుపడలేదు లెండి. వియత్నాం భాషకి దేశమే ఉంది. సంతాలీ మాట్లాడేవాళ్ళు 2011 జనాభా లెక్కల్లో 73 లక్షల పైన ఉన్నారు, 2003లో చేసిన రాజ్యాంగ సవరణతో దానికి ఎనిమిదో షెడ్యూలులో చోటు వచ్చింది. సవర మాట్లాడేవాళ్ళం అదే లెక్కల్లో 4 లక్షల పైచిలుకు. ఎక్కువమంది ఒడిశాలో, కొంతమంది మన ఆంధ్రలో సీతంపేట, భామిని, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల్లో. ఎనిమిదో షెడ్యూలులో మాది లేదు.

ఇప్పుడు రామమూర్తి గారి దగ్గరికి మళ్ళీ వద్దాం. ఆయన చెవికి ఏమేం తగిలి ఉంటాయో ఆలోచిస్తే నాకు సరదాగా ఉంటుంది. తెలుగులో మాట తోక పెరుగుతుంది. చదువు, చదివాను, చదివించాను. అంతా వెనకాలే. సవరలో ముందూ చేరుస్తాం, వెనకా చేరుస్తాం, మాట నడుమ కూడా ఒక శబ్దం దూర్చి, పని చెప్పే మాటని వస్తువు చెప్పే మాటగా మార్చేస్తాం. ఖ్మేర్ వాళ్ళు కూడా ఇలా మాట నడుమ దూరుస్తారట. ఇంకొకటి, మా క్రియ వస్తువుని మింగేస్తుంది. పులిని కిన అంటాం. పులి పట్టడం అని చెప్పాలంటే కిన కాస్తా కిడ్ అని పొట్టిదైపోయి పట్టడం అనే మాట లోపలికి వెళ్ళి కూచుంటుంది. రెండు మాటలు ఒక మాట అయిపోతాయి. ఇలా ప్రతి వస్తువుకీ ఒక నిండు పేరు, లోపల దూర్చడానికి ఒక పొట్టి పేరు. తెలుగు, సంస్కృతం, ఇంగ్లీషు వ్యాకరణాల అచ్చులో పోస్తే ఇది ఇమడదు. ఆయన ఇరికించకుండా, ఉన్నది ఉన్నట్టు రాశారు. మాటల చివర గొంతు దగ్గర గాలి టక్కున ఆగిపోయే శబ్దం ఉంటుంది మాకు. దాన్ని కూడా వదల్లేదు, ఇంగ్లీషు అక్షరాలకి ప్రత్యేకం గుర్తులు చేర్చి రాశారు.

లెక్క పెట్టడం చూడండి. అబొయ్, బాగు, యాగి, ఉంజి, మొన్‌లొయ్, తుడ్రు, గుల్జి, తమ్జి, తింజి, గెల్జి. ఇవి పది. గెల్ముయ్ పదకొండు, మిగెల్ పన్నెండు. అక్కడితో కొత్త పేర్లు అయిపోయాయి. పదమూడుని పన్నెండు ఒకటి అంటాం. అలా పన్నెండు ఏడు, అంటే పందొమ్మిది దాకా వెళ్ళి, ఇరవైని ఒక కోడి అంటాం. (తినే కోడి అని నవ్వకండి! ఇరవైకి ఒడియా వాళ్ళు కూడా అలాగే అంటారు.) ముప్ఫైతొమ్మిది అంటే ఒక ఇరవై, ఒక పన్నెండు, ఒక ఏడు. మా నాయనమ్మ చింతపండు ఉండలు ఇలాగే లెక్కపెడుతుంది. సంతలో షావుకారు పదుల్లో చెప్తే ఆవిడ మనసులో పన్నెండులూ ఇరవైలూ చేసుకుని సరిచూసుకుంటుంది. ఒకసారి షావుకారు లెక్కే తప్పయింది, ఆవిడది కాదు. చిన్నప్పుడు నాకు లెక్కలు రావని కొట్టారు. పన్నెండు దాటాక నేను తడబడేది ఇందుకేనని అప్పుడు ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు.

సంతాలీలో ఆరు తురుయ్, మాకు తుడ్రు. సంతాలీలో పది గెల్, మాకు గెల్జి. చుట్టరికం లెక్కల్లో కూడా దాగదు.

భాష నేర్చుకుని రామమూర్తి గారు ఊరుకోలేదు. సవరలో చదువుకునే పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో సవర పిల్లలకి బడులు పెట్టారు. మాష్టర్లకి జీతాలు తన జేబులోంచే ఇచ్చారు. 30 రూపాయలతో ఉద్యోగం మొదలుపెట్టిన బడిపంతులు అని మర్చిపోకండి. ఆ పుస్తకాలకి ప్రభుత్వం డబ్బు ఇవ్వబోతే తీసుకోకుండా, దానితో సవర పిల్లలకి బడి పెట్టి నడపమని చెప్పారని అంటారు. 1911లో పదవీ విరమణ చేశారు. 1913లో ప్రభుత్వం రావు బహదూర్ బిరుదు ఇచ్చింది. అంటే మన సభలో ఒకే ఒక్క క్షణం చెప్పి వదిలేసిన ఆ బిరుదు సవరల పని చూసి ఇచ్చిందే.

కొండల్లో తిరిగి తిరిగి ఆయనకి జ్వరం పట్టుకుంది. మలేరియా. మన దగ్గర ఇప్పటికీ వానాకాలం వస్తే దోమతెరలు పంచుతారు కదా, అదే. తండ్రిని తీసుకుపోయిన లాంటి జ్వరమే కొడుకునీ పట్టింది. క్వినైను ఎక్కువగా మింగవలసి వచ్చింది. ప్రాణం దక్కింది గాని చెవులు పోయాయి. చెవితో విని విని భాష రాసే మనిషికి చెవుడు వచ్చింది! నాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా ఇదే మనసులో ఉండిపోయింది. వేరేవాళ్ళయితే అక్కడితో మానేద్దురు. వ్యాకరణమూ నిఘంటువులూ అచ్చయ్యేదాకా ఆయన మానలేదు.

ఒక మాట నాకు వెలితిగా ఉంది. ఆయన పేరు మనకి తెలుసు. ఆయన ఎదురుగా కూచుని ఒక్కో మాట పదిసార్లు పలికి చూపించిన సవర మనుషులు కూడా ఉంటారు కదా. వాళ్ళు పోడు మానుకుని, పని మానుకుని కూచుని ఉంటారు. మాష్టారు తప్పు పలికితే నవ్వి ఉంటారు, మళ్ళీ చెప్పి ఉంటారు. వాళ్ళ ఫొటోలు ఏ బడిలోనూ లేవు. వాళ్ళకి దండ వెయ్యడానికి నాకు దారి తెలీదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

తెలుగు సంగతి కొంచెం రాస్తానన్నాను. 1906 ప్రాంతంలో యేట్స్ అనే స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు దొర, తెలుగు జనం మాట్లాడేది ఒకటి, పుస్తకంలో ఉన్నది ఒకటి ఎందుకుందని అడిగితే, రామమూర్తి గారు, గురజాడ గారు, విశాఖపట్నం కాలేజీ ప్రిన్సిపాలు శ్రీనివాస అయ్యంగారు గారు ఆలోచనలో పడ్డారు. అక్కడి నుంచి వాడుక భాష పోరాటం. పెద్దపెద్ద పండితులు ఎదురు తిరిగారు. ఊరూరా తిరిగి సభల్లో వాదించారు. 1919లో తెలుగు అనే పత్రిక పెట్టారు. పిల్లలు మాట్లాడే భాషలోనే పుస్తకం ఉండాలని ఆయన పట్టు. ఈ గోడపత్రికలో నేను ఇలా మాట్లాడినట్టు రాయగలుగుతున్నానంటే ఆ గొడవ వల్లే. అయితే ఆయనకి ఆ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చింది? నాకు మాత్రం మా కొండల్లోంచే వచ్చిందనిపిస్తుంది. సవర పిల్లల్ని వాళ్ళ మాటల్లోనే చదివించాలని ముందు చూసిన మనిషి, తెలుగు పిల్లలకి కూడా అదే అడిగారు. మన తెలుగు మాష్టారు ఇది నీ ఊహ అన్నారు. ఊహే. కాని సవర పని మొదలైంది ముందు, తెలుగు గొడవ తర్వాత. సంవత్సరాలు చూసుకోండి.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి ఒరిస్సాలోకి పోయింది. తెలుగువాళ్ళు ఎక్కువున్న ఊరు ఇలా పోకూడదని రామమూర్తి గారు ఉద్యమం నడిపారు, ఫలించలేదు. యాభై ఏళ్ళకి పైగా ఉన్న ఊరు. ఆ రోజున అక్కడ ఉండడం ఇష్టం లేక అన్నీ వదిలి రాజమండ్రి వచ్చేశారు. అప్పటికి డెబ్బై రెండేళ్ళు దాటాయి. సరిహద్దు గీత మా కొండల మీద నుంచి కూడా వెళ్ళింది. మా నాయనమ్మ అన్నదమ్ములు కొందరు అటు, ఆవిడ ఇటు. అటు పిల్లలు ఒడియా చదువుతారు, మేం తెలుగు. కలిసినప్పుడు మాట్లాడుకోవడానికి సవర ఒక్కటే ఉంది.

అదే 1936లో ఒడిశాలో మంగెయి గొమాంగో అనే సవరాయన మా భాషకి సొంతంగా ఒక లిపి తయారు చేశారు. దాని పేరు సొరంగ్ సోంపెంగ్. 2012లో అది కంప్యూటర్ అక్షరాల పట్టికలో కూడా చేరింది. మన వైపు మాత్రం సవరని తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నారు. 2000 దాటాక ప్రభుత్వం చిన్న తరగతులకి సవరలో వాచకాలు కూడా వేసింది. నా చేతికి రాలేదు గాని మా తమ్ముడు ఒకటి చూశాడట. బొమ్మల్లో ఉన్న ఇల్లు మన ఇల్లులాగే ఉందని చెప్పాడు.

1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనకి కళాప్రపూర్ణ ఇచ్చింది. కొడుకు సీతాపతి గారు కూడా సవర మీద పని చేశారు. 1940 జనవరి 22న రామమూర్తి గారు కన్నుమూశారు.

మన తెలుగు మాష్టారు దసరా సెలవులకి ముందు ఆయన నిఘంటువు ఫోనులో వెతికి చూపించారు. ఇంగ్లీషు అక్షరాలు, వాటి మీద కింద చుక్కలు, గీతలు. పది పేజీలు జెరాక్స్ తీయించి ఇచ్చారు. సెలవుల్లో ఇంటికి పట్టుకెళ్ళాను. పొయ్యి దగ్గర కూచుని ఒక్కో మాట కూడబలుక్కుని మా నాయనమ్మకి చదివి వినిపించాను. చాలా ఏళ్ళ తర్వాత ఆవిడ ముందు నా నోటి వెంట సవర రావడం అదే. మొదట నా వైపు చూడలేదు, రాగులు చెరుగుతూనే ఉంది. నాలుగు మాటలయ్యాక చేట పక్కన పెట్టింది. కొన్ని నేను పలికింది తప్పని సరిచేసింది. కొన్ని మాటలు వాళ్ళ అమ్మ అనేదని, తాను మర్చిపోయానని చెప్పింది. ఒక మాట దగ్గర మాత్రం మన ఊళ్ళో అలా అనరు, ఇలా అంటారు అని పుస్తకానికే దిద్దుబాటు చెప్పింది. ఆ మాట పక్కన పెన్సిల్‌తో రాసుకున్నాను. మిగతా పేజీలు సంక్రాంతి సెలవులకి తెమ్మంది.

– తొమ్మిదో తరగతి, పదో నంబరు గది